మేడ్ ఇన్ జపాన్‌ని ఎవరూ దిద్దకపోవడమే మంచిదైంది

ఈమధ్య హైదరాబాద్‌లో ఒక సినిమా పాటల కచేరీకి వెళ్లాను. రెండో సగంలో ఒక గాయని చరణం చివర పైస్థాయి స్వరం అందుకోబోతుంటే గొంతు జారింది. ఆవిడ కంగారు పడలేదు. మైకు పక్కకి తిప్పి నవ్వేసింది. పక్కనే ఉన్న ఫ్లూట్ కళాకారుడు ఆ తెగిన చోటే అందుకుని, ఆవిడ పాడాల్సిన సంగతిని తను వాయించి పైన నిలబెట్టాడు. హాలంతా చప్పట్లు. ఆ సాయంత్రం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ కాసేపే.

కొన్ని వారాలకి ఆ కచేరీ వీడియో యూట్యూబ్‌లోకి వచ్చింది. అదే పాట పెట్టుకుని అదే చోటు కోసం ఎదురుచూశాను. స్వరం ఎక్కడా జారలేదు. నున్నగా పైకి వెళ్లి కూర్చుంది. కానీ ఆ వెంటనే ఆవిడ నవ్వుతోంది. ఫ్లూట్ ఆయన అదే సంగతిని మళ్లీ వాయిస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ ఎందుకు నవ్విందో, ఆయన ఎందుకు వాయించాడో, ఆ చప్పట్లు దేనికో వీడియో చూసేవాళ్లకి అంతుపట్టదు. జరిగినదానికి వచ్చిన స్పందనలన్నీ ఉన్నాయి, జరిగింది మాత్రం లేదు.

అది చూశాక బ్రిటిష్ రాక్ బ్యాండు డీప్ పర్పుల్ వాళ్ల లైవ్ ఆల్బమ్ (స్టేజీ మీద వాయిస్తుండగా రికార్డు చేసిన ఆల్బమ్) 'మేడ్ ఇన్ జపాన్' తీసి మొదటి నుంచీ మళ్లీ విన్నాను. యాభై ఏళ్లు దాటిన ఆల్బమ్. దాని గురించి రాసేవాళ్లు ఆ వేగం గురించి, గాయకుడు ఇయాన్ గిలన్ కేకల గురించి, గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ సోలోల గురించి రాస్తారు. అవన్నీ నిజమే. నాకు మాత్రం అందులో అన్నిటికంటే విలువైనది ఇంకొకటి. ఆ అయిదుగురూ ఒకరినొకరు వింటున్న సంగతి మనకి వినపడుతుంది. అది చెడకుండా మనదాకా రావడానికి కారణం, ఆ టేపుల మీద తర్వాత ఎవరూ కొత్తగా పాడలేదు, కొత్తగా వాయించలేదు. లైవ్ ఆల్బమ్‌లో ఏ పాట ఉంచాలో, ఏది తీసేయాలో ఏరుకోవచ్చు. శబ్దాల హెచ్చుతగ్గులు సరిచూసుకోవచ్చు. ఒకరి భాగాన్ని పీకేసి, తీరిగ్గా మళ్లీ పాడించి అతకడం మాత్రం చేయకూడదు. ఇదీ నా వాదన. దీనికి అడ్డు తగిలే విషయాలు చాలానే ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

పెద్దగా ఇష్టం లేకుండానే చేసిన ఆల్బమ్

1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకా ఫెస్టివల్ హాల్లో, 17న టోక్యో బుడోకాన్‌లో కచేరీలు. లైవ్ ఆల్బమ్ కావాలన్నది వార్నర్ వాళ్ల జపాన్ శాఖ, అదీ జపాన్‌లో అమ్ముకోవడానికి. బ్యాండుకి పెద్ద ఉత్సాహం లేదు. స్టేజీ మీద తాము చేసేది రికార్డులోకి ఎక్కదని వాళ్ల అభిప్రాయం. కాకపోతే వాళ్ల కచేరీల దొంగ రికార్డులు అప్పటికే బజార్లో తిరుగుతున్నాయి, సొంతంగా ఒకటి వేస్తే వాటికి గిరాకీ తగ్గుతుందన్న ఆలోచన ఉంది. చివరికి షరతులు పెట్టి ఒప్పుకున్నారు. రికార్డింగు తమ ఇంజినీరు మార్టిన్ బర్చే చేయాలి, నచ్చితేనే విడుదల చేయాలి. మొత్తం ఖర్చు 3,000 డాలర్ల దాకా అయిందని కీబోర్డ్ వాయించే జాన్ లార్డ్ తర్వాతి కాలంలో చెప్పాడు. ఎనిమిది ట్రాకుల టేపు మీద, అంటే గొంతునీ వాయిద్యాలనీ విడివిడిగా పట్టే టేపు మీద, రికార్డు చేశారు. ఆ ట్రాకులన్నీ కలిపే మిక్సింగ్‌కి వచ్చింది బేస్ వాయించే రోజర్ గ్లోవర్, డ్రమ్మర్ ఇయాన్ పేస్ మాత్రమే. గిలన్, బ్లాక్‌మోర్ అటువైపు రాలేదు.

జపాన్‌తో ఆగిపోవాల్సిన ఆ రెండు ఎల్పీల (రెండువైపులా పాటలుండే పెద్ద రికార్డుల) సెట్టు ఆ డిసెంబరులోనే బ్రిటన్‌లో వచ్చింది. మరుసటి ఏడాది అమెరికాలో విడుదలై బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 6వ స్థానం దాకా వెళ్లింది.

గిటారు అడిగింది, గొంతు చెప్పింది

నా వాదనంతా 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్' మీద నిలబడి ఉంది. స్టూడియోలో అది నాలుగు నిమిషాల మామూలు పాట, సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వేసిన పాట. ఒసాకాలో దాని మధ్యలో ఒక తలుపు తెరుచుకుంటుంది. మిగతావాళ్లు వెనక్కి తగ్గుతారు. బ్లాక్‌మోర్ చిన్న ముక్క ఒకటి వాయిస్తాడు. గిలన్ దాన్ని గొంతుతో తిరిగి పలుకుతాడు. మళ్లీ ఇంకో ముక్క, కాస్త మెలిక పెట్టి. దాన్నీ పలుకుతాడు. మెలికలు పెరుగుతాయి, స్థాయి పెరుగుతుంది, చివరికి గిలన్ గిటారుకు అందనంత పొడుగ్గా ఒక కేక పెడతాడు. అప్పుడు బ్యాండంతా ఒక్కసారిగా పాటలోకి దూకుతుంది. కాలేజీ హాస్టల్లో మా దగ్గర దీని 90 నిమిషాల క్యాసెట్ కాపీ ఉండేది. ఈ చోటు వచ్చేసరికి గదిలో ఎవరు ఏం మాట్లాడుతున్నా ఆగిపోయేవాళ్లు.

అప్పటికే గిలన్‌కీ బ్లాక్‌మోర్‌కీ పొసగడం లేదు. ఈ ఆల్బమ్ బ్రిటన్‌లో వచ్చిన డిసెంబరులోనే గిలన్ బ్యాండు వదిలేస్తున్నానని ఉత్తరం రాసిచ్చాడు. 1973 జూన్ 29న, మళ్లీ ఒసాకాలోనే, ఆ అయిదుగురూ కలిసి ఆఖరి కచేరీ చేసి విడిపోయారు. మళ్లీ కలవడానికి పదకొండేళ్లు పట్టింది. స్టేజీ దిగితే మనసు కలవని ఇద్దరు మనుషులు, స్టేజీ మీద మాత్రం ఎదుటివాడు ఏమంటున్నాడో అంత శ్రద్ధగా విని, వెంటనే జవాబు చెప్పారు. దానికి సాక్ష్యం ఆ టేపే.

ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. లండన్ తిరిగొచ్చాక గిలన్ స్టూడియోలో కూర్చుని, తన మూడో జవాబు బాగా రాలేదని మళ్లీ పాడాడనుకుందాం. మునుపటికంటే బాగానే పాడాడనుకుందాం. అప్పుడు బ్లాక్‌మోర్ నాలుగో ముక్క ఏమవుతుంది? ఆ ముక్క పుట్టింది ఒసాకాలో విన్న మూడో జవాబులోంచి. అక్కడ గిలన్ కొంచెం తడబడ్డాడేమో, బ్లాక్‌మోర్ దాన్ని పట్టుకుని ఆటపట్టించాడేమో. జవాబు మార్చేస్తే ఆ ప్రశ్నకి ఆధారం పోతుంది. వాయిద్యం అదే, స్వరాలు అవే, కానీ బ్లాక్‌మోర్ ఎవరితోనూ మాట్లాడటం లేదు. అతని వాయిద్యాన్ని ముట్టుకోకుండానే మనం దాన్ని పాడుచేసినట్టు. దిద్దేవాళ్లు గమనించని నష్టం ఇదే. గాయకుడి తప్పును దిద్దుతున్నామని వాళ్లు అనుకుంటారు, దెబ్బ తగిలేది మాత్రం పక్కవాడికి.

ఇది భావుకత్వంతో అంటున్న మాట కాదు. స్టేజీ మీద ఏ మైకూ ఒక్కరినే వినదు. పాడేవాడి మైకులోకి డ్రమ్స్ చప్పుడు వస్తుంది, డ్రమ్స్ ముందు పెట్టిన మైకుల్లోకి గిటారు వస్తుంది, స్టేజీ మీదివాళ్లు వినడానికి పెట్టిన మానిటర్ స్పీకర్లలోంచి గొంతు అందరి మైకుల్లోకీ పాకుతుంది. ఒక గొంతును తీసేసి కొత్తది పెడితే పాత గొంతు మిగతా ట్రాకుల అడుగున సన్నగా ఉండిపోతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి వాటినీ తుడవాలి. ఒక్కచోట మొదలుపెట్టినవాళ్లు చాలాసార్లు ఒక్కచోట ఆగలేకపోవడానికి కారణం ఇదే.

'స్పేస్ ట్రకిన్' గురించి కూడా ఒక మాట. స్టూడియోలో నాలుగున్నర నిమిషాలు, ఇక్కడ ఎల్పీ నాలుగో వైపంతా, దాదాపు ఇరవై నిమిషాలు. పాట అయిపోయాక వాళ్లు బయల్దేరే దారి, అంతకుముందు 'మాండ్రేక్ రూట్' అనే పాట చివర వాయిస్తూ వచ్చిన దారే. దారి పాతదైనా ఏ రాత్రికారాత్రి ఎక్కడ మలుపు తిరుగుతారో ముందే తేల్చుకున్నది కాదు. లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ని గిటారు వాళ్ల మార్షల్ ఆంప్లిఫయర్లలోకి కలిపి వాయించేవాడు, అందుకే అది చర్చిలో వినిపించే ఆర్గన్‌లా కాకుండా గుర్రుమంటూ వస్తుంది. అతను మీదికి వెళ్లినప్పుడల్లా పేస్ ఎక్కడ ఒత్తుతున్నాడు, ఎక్కడ వదిలేస్తున్నాడు అని చెవిపెట్టి వినండి. పేస్ తాళం వేస్తున్నట్టు ఉండదు, లార్డ్ వాక్యం పూర్తయ్యేదాకా ఆగి ఊ కొడుతున్నట్టు ఉంటుంది. కర్ణాటక కచేరీలు వినేవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. స్వరకల్పనలో గాయకుడి ముక్కను వయొలిన్ అందుకునేటప్పుడు, మృదంగం ఆ అంచు చూసుకుని వాయించేటప్పుడు మనం వినేది ఆ వినడాన్నే. మన పాత కచేరీ టేపుల్లో గొంతు సవరించుకోవడాలు, మధ్యలో శ్రుతి చేసుకోవడాలు అన్నీ ఉంటాయి. అవి తీసేయమని ఏ శ్రోతా అడగడు.

ఏరుకోవడం మాత్రం దిద్దుబాటు కాదా?

ఇది నన్ను చాలాకాలంగా పీడిస్తున్న ప్రశ్న. 'మేడ్ ఇన్ జపాన్' ఒక రాత్రి కచేరీ కాదు. 'స్మోక్ ఆన్ ద వాటర్' 15వ తేదీది. 'హైవే స్టార్', 'చైల్డ్ ఇన్ టైమ్', 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్', 'స్పేస్ ట్రకిన్' 16వి. 'ద మ్యూల్', 'లేజీ' 17న టోక్యోలో వాయించినవి. ఈ వరసలో ఈ ఏడు పాటలనూ ఆ హాళ్లలో కూర్చున్న ఏ మనిషీ వినలేదు. ఆల్బమ్ మాత్రం ఒక సాయంత్రం గడిచినట్టే సాగుతుంది. మరి ఇదీ అబద్ధమే కదా?

ఇంకా ఇబ్బంది పెట్టే సంగతి ఉంది. బ్యాండు వాళ్ల లెక్కలో అన్నిటికంటే బాగా కుదిరింది టోక్యో రాత్రి. బుడోకాన్‌లో వేలమంది 'చైల్డ్ ఇన్ టైమ్' తమతో కలిసి పాడటం గ్లోవర్ జీవితాంతం తలుచుకునే సంగతి. కానీ అక్కడి రికార్డింగు ఒసాకా అంత బాగా రాలేదు కాబట్టి ఆల్బమ్‌లోకి రెండే పాటలు ఎక్కాయి. అంటే వాళ్ల దృష్టిలో గొప్పదైన రాత్రి ఈ గొప్ప లైవ్ ఆల్బమ్‌లో దాదాపు లేదు. సంగీతం చూసి కాదు, మైకుల పుణ్యాన ఎంపిక జరిగింది.

అయినా ఏరుకోవడానికీ అతకడానికీ తేడా ఉందనే నా నమ్మకం. ఏరినప్పుడు ఒక పాట లోపల జరిగింది జరిగినట్టే ఉంటుంది. ఆ తొమ్మిది నిమిషాలో పన్నెండు నిమిషాలో ఆ అయిదుగురూ ఒకే గాలి పీలుస్తూ వాయించినవి. ఏ రాత్రి అన్నది మారవచ్చు, ఎవరు ఎవరికి జవాబిచ్చారన్నది మారదు. వదిలేసిన రాత్రులు కూడా చెరిగిపోలేదు. 1993లో మూడు సీడీల సెట్టుగా ఆ మూడు రాత్రుల్లో చాలా భాగం బయటికొచ్చింది. వాటిని పక్కపక్కన పెట్టుకుని వింటే గిలన్, బ్లాక్‌మోర్ మధ్య ఆ సవాలు రోజుకో రకంగా నడిచిందని తెలుస్తుంది. అతికించిన టేపుకి ఈ అవకాశం ఉండదు. అందులో ఏ ముక్క ఎప్పటిదో విడదీసి చూపించడం తర్వాత చేసినవాళ్లకే చేతకాదు.

ఇంకో మాట అనేవాళ్లు ఉన్నారు. ఇందులో నిజాయితీ ఏముంది, డబ్బు లేక దిద్దలేదు, పట్టింపు లేక దిద్దలేదు అని. నిజమే, ఎవరూ ప్రతిజ్ఞ చేసి కూర్చోలేదు. జపాన్‌లో మాత్రమే అమ్ముతారనుకున్న రికార్డు కోసం గాయకుడు, గిటారిస్టు మిక్సింగ్‌కే రాలేదంటే సిద్ధాంతాల మాట ఎత్తడం కష్టం. కానీ నేను వాళ్ల గుణగణాలకి మార్కులు వేయడం లేదు. ఎందుకు వదిలేశారన్నది వాళ్ల సంగతి, వదిలేయడం వల్ల ఏం దక్కిందన్నది మన సంగతి. పాటల మధ్య స్టేజీ మీద నుంచి బ్యాండు వాళ్లు సౌండ్ వాళ్లతో అనే మాట ఒకటి ఉంది, అన్నిటికంటే అన్నీ గట్టిగా వినపడేలా పెట్టమని. శుభ్రం చేసే చేతులు పడి ఉంటే ముందుగా పోయేది అదే. ఇవాళ అభిమానులు ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకునే మాట కూడా అదే.

నా వాదన మెత్తబడే చోటు

'లైవ్ అండ్ డేంజరస్' అంటే నాకు ప్రాణం. 1978లో వచ్చిన, థిన్ లిజీ అనే రాక్ బ్యాండు వాళ్ల లైవ్ ఆల్బమ్. దానిలో మూడొంతులు స్టూడియోలో మళ్లీ చేసిందేనని నిర్మాత టోనీ విస్కాంటీ అన్నాడు. కాదు, చాలావరకు స్టేజీ మీదదేనని బ్యాండు వాళ్లు అంటూ వచ్చారు. ఇన్నేళ్లుగా వింటున్న నా చెవులు ఎవరిది నిజమో తేల్చలేవు. తేడా తెలియనప్పుడు నీ అభ్యంతరం దేనికి అని ఎవరైనా అడిగితే నా దగ్గర సూటి జవాబు లేదు. విస్కాంటీ మాటే నిజమని రేపు రుజువైనా ఆ ఆల్బమ్ మీద నా ప్రేమ తగ్గదు. బహుశా అందులో మనల్ని పట్టేసేది పాటల బిగువు, గాయకుడు ఫిల్ లైనాట్ మాటతీరు. ఆ పాటలు సాగదీసి ఒకరినొకరు వెతుక్కుంటూ వాయించేవి కావు. రెండు గిటార్లు ముందే కుదుర్చుకున్న వరసలో కలిసి నడుస్తాయి. కాబట్టి నా కొలబద్ద అన్ని ఆల్బమ్‌ల మీదా ఒకేలా పనిచేయదని ఒప్పుకోవాలి.

కానీ అమెరికన్ బ్యాండు ఈగిల్స్ వాళ్ల 'ఈగిల్స్ లైవ్' విషయంలో నేను తగ్గను. 1980లో అది తయారయ్యేనాటికి బ్యాండు ముక్కలైంది. గ్లెన్ ఫ్రై లాస్ ఏంజెలిస్‌లో, మిగతావాళ్లు మయామీలో. ఒకరి మొహం ఒకరు చూసుకునే పరిస్థితి లేక, గొంతులు సరిచేసిన టేపులను కొరియర్‌లో అటూ ఇటూ పంపించుకుంటూ పూర్తి చేశారు. ఆ బ్యాండు ప్రత్యేకతే కలిపి పాడటం. ముగ్గురు మనుషులు ఒకే క్షణంలో ఊపిరి తీసి, ఒకరి వైపు ఒకరు ఒరిగి పాడేదాన్ని వేల కిలోమీటర్ల దూరంలో విడివిడిగా పాడి కలిపారు. వినడానికి తీయగా ఉంటుంది, కాదనను. విన్నాక నాకు మాత్రం దేన్నో కోల్పోయినట్టు ఉంటుంది.

తెర మీద గీతలు

సౌండ్ ఇంజినీరుగా పనిచేసే తమ్ముడొకడు నాకు బాగా తెలుసు. హైదరాబాద్‌లో ఇలాంటి కచేరీల ఆడియో చాలావరకు అతని చేతుల మీదుగానే వెళ్తుంది. నేను చూసిన వీడియో అతను చేసింది కాదు, కానీ పని ఎలా జరుగుతుందో చూపించమని వాళ్ల స్టూడియోకి వెళ్లాను. తెర మీద అడ్డంగా ట్రాకులు, నిలువుగా సమాన దూరంలో సన్నటి గీతలు, తాళం దెబ్బ పడాల్సిన చోట్లు. డ్రమ్మర్ కొట్టిన ప్రతి దెబ్బా ఒక చిన్న మొనలా కనిపిస్తుంది. మొనలు గీతలకి కాస్త అటో ఇటో ఉన్నాయి. పాట రెండో సగంలో అన్నీ కొంచెం ముందుకు జరిగి ఉన్నాయి. "ఇక్కడ జోష్‌లో ఉరికిండన్నా" అని నవ్వి, మౌస్ ఒక్కసారి నొక్కాడు. మొనలన్నీ వెళ్లి గీతల మీద కూర్చున్నాయి. జనం కేకలు వేస్తుంటే ఒళ్లు మరిచి ఉరికిన డ్రమ్మర్ ఒక్క క్షణంలో బుద్ధిమంతుడైపోయాడు. గిటారిస్టు మాత్రం ఆ ఉరుకుడుతో పాటు ఉరికాడు కదా. అతని ట్రాకునీ పట్టుకుని గీతల మీదికి లాగాల్సొచ్చింది.

నా వాదనంతా చెప్పాను. అతను ఓపిగ్గా విని అన్నాడు: "నువ్వు చెప్పేది మంచిగనే ఉందన్నా. కానీ ఆమె గొంతు జారిన ముక్కను ఎవడో కోసి పది సెకన్ల రీల్ చేస్తడు. లక్షల మంది ఎక్కిరిస్తరు. రేపు ఆమెకు ప్రోగ్రాములు తగ్గుతయి. అప్పుడు నువ్వొస్తవా?"

నేను విన్న అభ్యంతరాల్లో ఇదే బలమైనది. 1972లో గిలన్ తప్పు పాడితే ఆ తప్పు తొమ్మిది నిమిషాల పాట మధ్యలో, ఎల్పీ మూడో వైపున ఉండేది. దాన్ని వినాలంటే ముందూ వెనకా వినాల్సిందే. ఇవాళ తప్పును పాటలోంచి ఊడబెరికి ఒంటరిగా నిలబెట్టి కొడతారు. ఫ్లూట్ ఆయన ఆదుకున్న ముక్క ఆ రీల్‌లో ఉండదు. కాబట్టి ఒక గాయని తన పరువు కాపాడుకోవాలని దిద్దమంటే ఆవిడ్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. దిద్దిన వీడియో పెట్టుకోనివ్వండి. నేను అడిగేది అది దిద్దిందని చెప్పమని. దిద్దని టేపు చెరిపేయకుండా దాచమని కూడా. తమ్ముడి దగ్గర అసలు ట్రాకులు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయట. ఎన్నాళ్లు ఉంచుతావంటే, డిస్కు నిండేదాకా అన్నాడు. ఈ జవాబు నన్ను చాలా బాధపెట్టింది. ఒసాకా, టోక్యో టేపులను ఎవరో ఇలాగే నిండిన అల్మారా ఖాళీ చేయడానికి పారేసి ఉంటే ఆ మిగతా రాత్రులు మనకి దక్కేవే కావు.

చెప్పడం అంత కష్టమైన పనేం కాదు. ద హూ అనే బ్రిటిష్ రాక్ బ్యాండు వాళ్లు 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయం భోజనశాలలో చేసిన కచేరీ రికార్డులో చిటపటలు పడ్డాయి. 'లైవ్ ఎట్ లీడ్స్' ఎల్పీ లేబుల్ మీద చేతిరాతతో, ఆ చిటపటలు ఉండేవే, సరిచేయకండి అని రాసి అమ్మారు. కొన్నవాళ్లెవరూ వాపసు ఇవ్వడానికి వరస కట్టలేదు. వాళ్లు దిద్దలేదని రాసినట్టే దిద్దినవాళ్లు దిద్దామని రాయొచ్చు. కెమెరామన్ పేరు, లైటింగ్ పేరు, స్పాన్సర్ల పేర్లు వేసే చోట ఇంకో రెండు వరసలు పడతాయి: ఏ పాటల్లో ఎవరి గొంతు తర్వాత పాడి కలిపారు, ఏ వాయిద్యం మళ్లీ వాయించారు.